ఎడమ నాళంలో కాపలా శిబిరం

2014 జూలై 27, ఆదివారం మధ్యాహ్నం, గోంగూర రొయ్యల కూరతో అన్నం తిని చెయ్యి కడుక్కున్న రెండు గంటలకు, మట్టపర్తి సత్యలింగం గారి గుండెకు నెత్తురు అందించే ఎడమ నాళం గోడలోకి పధ్నాలుగు మంది కాపలాదార్లు లాంతర్లతో సహా దిగి శిబిరం వేసుకున్నారని రికార్డులో ఉంది. ఆ రోజు కూరలో పులుపు ఒక పిసరు ఎక్కువైందని ఆయన అన్నారు. ఆయన భార్య కనకరత్నం "రేపు తగ్గిస్తాలెండి" అంది. ఈ రెండు మాటలూ రికార్డులో లేవు.

శిబిరం సంగతి సత్యలింగం గారికి తెలిసింది తొమ్మిదేళ్ళ తర్వాత, 2023 ఏప్రిల్ మూడో వారంలో. శిబిరం నాళం వెడల్పులో సగానికి మించి ఆక్రమించినప్పుడే మనిషికి తెలియజేయాలని నిబంధన. అంతకు ముందు చెబితే జనం అనవసరంగా కంగారు పడతారని పై అధికారుల అభిప్రాయం. అప్పటికి రెండు నెలలుగా, లాకుల దగ్గర వంతెన మెట్లు ఎక్కుతుంటే ఆయనకు రొమ్ము మీద ఎవరో బియ్యం బస్తా ఆనించినట్టు ఉండేది. ఆరో మెట్టు మీద ఆగితే బస్తా తీసేసేవారు. అందుకని ఆరో మెట్టు మీద ఆగి కాలువ చూడటం అలవాటు చేసుకున్నారు. అక్కడి నుంచి కాలువ ఒంపు తిరిగేదాకా కనబడుతుంది. ఏడో మెట్టుకి కొబ్బరి మట్టలు అడ్డం వస్తాయి. ఆగవలసింది ఆరో మెట్టు మీదే కావడం ఒక అదృష్టం.

నోటీసు తెచ్చిన అమ్మాయి సైకిలు దిగి, దాన్ని వేపచెట్టు నీడలో నిలబెట్టింది. మెడలో గుర్తింపు కార్డు, భుజాన గుడ్డ సంచి.

"బాబాయ్‌గారూ, సత్యలింగం గారంటే మీరేనాండి?"

"నేనేనమ్మా."

"నా పేరు లోవకుమారండి. మీ ఎడమ నాళం సెక్షన్లో గుమాస్తాని. నోటీసు ముట్టినట్టు ఇక్కడో సంతకం పెట్టండి."

లోపల పనిచేసే మనిషి బయటికి ఎలా వచ్చిందని ఆ ఊళ్ళో ఎవరూ అడగరు. కరెంటు బిల్లు తెచ్చిన మనిషిని తీగలోంచి ఎలా దిగావని అడగం కదా. సత్యలింగం గారు సంతకం పెట్టి, కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి ఇచ్చారు.

"లోపల ఉక్కగా ఉంటదా అమ్మా?"

"ముప్ఫయ్యేడు డిగ్రీలండి, ఏడాది పొడుగూనా. ఫ్యాను అడిగితే వద్దన్నారు. అలవాటైపోయిందిలెండి." ఆమె నీళ్ళు తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించింది.

నోటీసు మూడు పేజీలు. ఆ ఆదివారం మధ్యాహ్నం నాళం లోపలి పూతకు దెబ్బ తగిలింది. పూత సిబ్బంది నియమం ప్రకారం గోడకు కొక్కేలు బిగించి, ఎర్ర గుడ్డ ఊపారు. నెత్తురులో పడవల మీద గస్తీ తిరిగే కాపలాదార్లు కొక్కేలు పట్టుకుని ఆగి, గోడ సందుల్లోంచి ఒక్కొక్కరుగా లోపలికి దిగారు. సన్నటి మనుషులు, పక్కకు తిరిగితే పట్టేంత సందు వాళ్ళకు చాలు. దెబ్బ తగిలిన చోట కాపలా ఉండటం, అక్కడ కుళ్ళిందేమైనా ఉంటే తినేయడం వాళ్ళ పని. నాలుగు రోజులకు ఉత్తర్వు. నాలుగో రోజు సాయంత్రం 'పని అయింది, వచ్చేయండి' అని ఒక ఉద్యోగి వెళ్ళి కబురు చెప్పాలి. ఆ కబురు చెప్పే ఉద్యోగం అప్పటికి ఖాళీగా ఉంది. ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

కబురు రాలేదు కాబట్టి వాళ్ళు ఉండిపోయారు. నెత్తురులో నూనె పడవలు తిరుగుతుంటాయి. వాటిలో కొన్ని, పూత చిరిగిన చోట గోడలోకి కూరుకుపోయి, నిలవుండి ముక్కిపోయాయి. ముక్కిపోయింది తినడం విధి కాబట్టి కాపలాదార్లు తిన్నారు. తిని ఉబ్బారు. ఉబ్బి, పని భారం ఎక్కువైందనీ అదనపు సిబ్బంది కావాలనీ రాశారు. వచ్చిన వాళ్ళూ తిన్నారు, ఉబ్బారు, రాశారు. 2023 మార్చి 31 నాటికి హాజరు పట్టీలో ఇరవై మూడు వేల ఆరు వందల మంది ఉన్నారు. వాళ్ళలో సుమారు సగం మంది విధి నిర్వహణలోనే చనిపోయారు. చావును ధ్రువీకరించే అధికారి శిబిరంలో లేనందువల్ల వాళ్ళూ హాజరైనట్టే. అయితే చనిపోయిన వాళ్ళు కుళ్ళుతారు. ఆ కుళ్ళు తినడానికి మళ్ళీ అదనపు సిబ్బంది కావాలని మొన్ననే ఒక ఉత్తరం వెళ్ళింది.

సత్యలింగం గారు ముప్ఫయి మూడేళ్ళు కాలువల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేశారు. బి.ఎస్సీ. చదివి ఆ ఉద్యోగంలో చేరినందుకు వాళ్ళ నాన్న కొంతకాలం మాట్లాడలేదు. ఆయన నోటీసు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, తెలిసిన పని కనబడినందుకు కొంచెం తేలిక పడ్డారు.

"ఇది పూడికమ్మా. దీనికింత రాతకోతలెందుకు? ఏటా వేసవిలో మేం కాలవ కట్టేసి తీయిస్తాం. ఈ ఏడు కూడా మొన్న పదిహేనో తారీకున కట్టేశారు. మీరూ ఓ నలభై రోజులు కట్టేసి, పూడిక ఎత్తించి, గట్టు సరిచేయించి, జూన్ ఒకటో తారీకున వదిలెయ్యండి."

లోవకుమారి నవ్వలేదు. సంచిలోంచి పుస్తకం తీసి రాసుకుంది.

"నలభై రోజులాండి?"

"మనుషులు దొరికితే ముప్ఫయ్యేనా చాలు."

"మీరు చెప్పినట్టే రాశానండి. పైకి పంపుతాను. కానీ బాబాయ్‌గారూ, ఈ కాలవ ఇరవై నిమిషాలు కట్టేస్తే కింద ఆయకట్టు ఎండడం మొదలవుద్దండి. ఎండిన చేను మళ్ళీ నీళ్ళిచ్చినా లేవదు." ఆమె పుస్తకం మూసింది. "పైగా ఇది పూడిక కాదండి. పూడికైతే నీళ్ళలో ఉంటది. ఇది గట్టులో ఉంది. మట్టి కాదండి, మా స్టాఫే."

కాపలా వాళ్ళే గట్టుకి చేటవడం ముప్ఫయి మూడేళ్ళలో ఎక్కడా చూడలేదమ్మా అని సత్యలింగం గారు అనబోయారు. ఏదో గుర్తొచ్చి ఆగిపోయారు.

మరి ఏం చెయ్యాలని అడిగితే లోవకుమారి ఒక ఫారం ఇచ్చింది. శిబిరం ఎత్తివేతకు దరఖాస్తు. అందులో శిబిరం వేయడానికి కారణం ఏమిటో ముందే నింపి ఉంది: 'భార్య మరణం'. నిజానికి పూత ఆ రోజుకు ముందు నుంచే అరిగి ఉంది. పాతికేళ్ళు చుట్ట కాల్చారు. రక్తపోటు మాత్ర వారానికి నాలుగు రోజులు మరిచిపోయేవారు. ఇవన్నీ పూత సిబ్బందికి తెలుసు. కానీ కారణం గడిలో ఒక్కటే పడుతుంది. ఆ ఆదివారం డ్యూటీలో ఉన్నవారు పట్టేదే రాశారు.

ఆ రోజు భోజనాల తర్వాత కనకరత్నం వసారాలో చాప మీద పడుకుంది. మూడింటికి టీ పెట్టి లేపబోతే లేవలేదు. సత్యలింగం గారు రెండోసారి పిలిచినప్పుడు, రికార్డు ప్రకారం, లోపల పూత సిబ్బంది ఎర్ర గుడ్డ ఊపారు.

ఫారం చివర ఇలా ఉంది: 'పై కారణం తొలగినదనియు, ఇకపై కొనసాగదనియు ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నాను.'

"అయిపోయిందని రాసి సంతకం పెడితే చాలండి," అంది లోవకుమారి.

"ఏది?"

"అమ్మగారు చనిపోవడం."

సత్యలింగం గారు ఫారం మడత విప్పి మళ్ళీ మడిచారు. "చనిపోవడం ఒక పూటలోనే అయిపోయిందమ్మా. ఆవిడ లేకపోవడమే, రోజూ అవుతోంది."

"దానికి గడి లేదండి," అంది ఆమె. గడి లేకపోవడం తన తప్పేమో అన్నట్టు, ఆ మాట మెల్లగా అంది.

ఫారంతో పాటు ఒక జాబితా జత చేయాలి. కారణం ఇంకా కొనసాగుతోందని అనుమానించడానికి వీలిచ్చే వస్తువులు ఇంట్లో ఏమేం ఉన్నాయో రాసి, వాటిని తొలగించినట్టు చూపించాలి. ఆయన ఫారం తీసుకెళ్ళి బీరువాలో దుప్పట్ల కింద పెట్టారు. పెట్టి మూడు వారాలు దాని జోలికి పోలేదు.

ఈలోగా డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారు. డాక్టరు ఇప్పుడప్పుడే కోయక్కర్లేదని, మాత్రలు మానొద్దని చెప్పి రాసిచ్చాడు. వెళ్ళే దారిలో మార్కెట్టు మూల మీద పోలీసు గుడారం ఉంది. పదకొండేళ్ళ కిందట ఒక ఊరేగింపులో రెండు వీధుల వాళ్ళు కొట్టుకుంటే నాలుగు రోజుల కోసం వేశారు. కొట్టుకున్న వాళ్ళు ఆ తర్వాత వియ్యమందుకున్నారు. గుడారానికి ఇప్పుడు సిమెంటు అరుగు, రేకుల కప్పు, చుట్టూ బంతి మొక్కలు ఉన్నాయి. ఒకప్పుడు రెండు లారీలు తప్పుకున్న చోట ఇప్పుడు ఆటో ఆగితేనే సైకిలు వెళ్ళాలి. మొక్కలకు నీళ్ళు పోస్తున్న కానిస్టేబుల్ సత్యలింగం గారిని చూసి పైపు పక్కకు తిప్పాడు, పంచె తడవకుండా. శాంతి భద్రతల దృష్ట్యా ఆ మూల మీద ఎవరూ ఎక్కువసేపు ఆగరు.

మే రెండో వారంలో లోవకుమారి మళ్ళీ వచ్చింది. ఆ సమయానికి పోతురాజు వసారాలో కూర్చుని తాటి ముంజలు చెక్కుతున్నాడు. పోతురాజు కాలువ మీద లస్కరుగా పనిచేశాడు. గట్లు కాయడం, లాకు తలుపులు ఎత్తడం దించడం అతని పని. రిటైరై ఎనిమిదేళ్ళయినా సత్యలింగం గారిని చూస్తే బీడీ వెనక్కి దాచుకుంటాడు.

"ఏటండి ఇనిస్పెక్టరు గారూ, మీ గుండెలో క్యాంపు ఏశారంటగా?" అని అప్పటికే అడిగాడు. "మా ఇంటిదానికి మెడ నరంలో ఏశారండి. దానికింకా సగం అవ్వలేదంట, నోటీసు రాలేదు. రాలేదు గాబట్టి లేనట్టేనంటది. నిన్న నాతో దెబ్బలాడి బిందె ఇసిరింది."

లోవకుమారి ముంజ ఒకటి తీసుకుని, తిని, వేళ్ళు తుడుచుకుని నివేదిక చదివింది. మాత్రలు మొదలుపెట్టాక నూనె పడవల రాక తగ్గింది. తిండి తగ్గింది గానీ మనుషులు తగ్గలేదు. శిబిరం కూలి నెత్తురులో పడకుండా మేస్త్రులు గోడ మధ్య పొరలోంచి వచ్చి పైన పలక కట్టారు. పలక మంచిదే. అయితే అంచుల దగ్గర పలచబడుతోంది.

"ఎందుకు పలచబడుతోంది?" అన్నారు సత్యలింగం గారు.

"లోపలి వాళ్ళు తవ్వుకుంటున్నారండి."

"ఏం తవ్వుతున్నారు?"

"పొయ్యిలండి."

పోతురాజు చేతిలో కత్తి ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

ముప్ఫయ్యేళ్ళ కిందటి ఒక వరద ఏడాదిలో, కాలువ ఏడో మైలు దగ్గర గట్టు నానుతోందంటే, సత్యలింగం గారు పన్నెండు మందిని అక్కడ కాపలా పెట్టారు. ఇసుక బస్తాలు, లాంతర్లు, బియ్యం ఇచ్చి పంపారు. వాళ్ళలో పోతురాజు ఒకడు. ఈదురుగాలికి పొయ్యి అంటుకోక వాళ్ళు గట్టు పక్క వాలులో గుంటలు తవ్వి పొయ్యిలు చేసుకున్నారు. మొదటి రోజు ఒకటి, తర్వాత కూరకొకటి, తర్వాత వేణ్ణీళ్ళకొకటి. ఐదో రోజు తెల్లవారుజామున గట్టు సరిగ్గా అక్కడే తెగింది. అవతల పాకలో ఉన్న ఒక ముసలామె, ఆమె మేక కొట్టుకుపోయాయి. విచారణ నివేదికలో గండికి కారణం అన్న గడి ఉంది. అందులో సత్యలింగం గారు 'ఎండ్రకాయల బొరియలు' అని రాశారు. పన్నెండు మందికీ పిల్లలున్నారు. ఎండ్రకాయలకు మెమో ఇవ్వరు.

"గాలికి అగ్గిపుల్ల నిలబడలేదండి ఆ రోజుల్లో," అన్నాడు పోతురాజు, ఎవరూ అడక్కుండానే. "మనం గట్టు కాయడానికే గదండి ఎళ్ళాం. నిద్ర కూడా పోలేదు."

"తెలుసు పోతురాజూ."

"ఈళ్ళు కూడా అంతేనేమోనండి పాపం."

"అంతేనండి," అంది లోవకుమారి. "ఒక్కడు కూడా సెలవు పెట్టలేదు."

సత్యలింగం గారు అడిగారు. "పలక తెగితే ఏమవుద్దమ్మా?"

"నెత్తురు దాన్ని గండి అనుకుంటదండి. అనుకుని పూడ్చేస్తది. ఆ పనికి వేరే ముఠా ఉంది, శానా చురుకైన వాళ్ళు. నిమిషాల్లో గడ్డ కట్టించేస్తారు. గండి బాగానే పూడ్చుతారండి." ఆమె నివేదిక మడిచింది. "కాలవతో సహా."

పోతురాజు మిగిలిన ముంజలు చెక్కి, పళ్ళెంలో పెట్టి, తొక్కలు ఏరుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు బీడీ దాచుకోవడం మరిచిపోయాడు. సత్యలింగం గారు చూడనట్టు ఊరుకున్నారు.

మర్నాడు ఉదయం ఆయన ఫారం బయటికి తీసి జాబితా మొదలుపెట్టారు. టీ పోసుకునేటప్పుడు పక్కన పెట్టుకునే రెండో గ్లాసు. కిటికీలో డబ్బాతో సహా ఉన్న ఆవిడ కళ్ళజోడు. గోంగూర కూర తొమ్మిదేళ్ళుగా వండకపోవడం వస్తువు అవుతుందో కాదో తెలియక, రాసి కొట్టేశారు. చివరికి బట్టల తాడు ముడి రాశారు.

ఆ ఆదివారం ఉదయం కనకరత్నం నీలం రంగు నైలాను తాడు కొని తెప్పించి, వేపచెట్టు నుంచి కిటికీ ఊచకు కట్టింది. కిటికీ వైపు ముడి ఆవిడే వేసింది. అది ముడి కాదు, మూడు ముళ్ళు ఒకదాని మీద ఒకటి వేసి, మిగిలిన కొసను ఎటు పంపాలో తెలియక చుట్టేసినది. కాలువల శాఖలో ఒక లస్కరు అలాంటి ముడి వేస్తే మెమో ఇచ్చేవారు. ఆ రోజు నవ్వుతూ ఆ మాటే అన్నారు కూడా. ఆ ముడి తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ జారలేదు. తాడు మధ్యలో రెండుసార్లు తెగితే అతుకు వేశారు గానీ ముడి జోలికి వెళ్ళలేదు.

తొమ్మిదేళ్ళ ఎండా వానా పడి అది గులకరాయిలా బిగుసుకుంది. గోళ్ళతో రాలేదు. కొబ్బరినూనె రాసి గంట ఆగి, సంచులు కుట్టే దబ్బనంతో ఒక్కొక్క మెలికా వదులు చేశారు. లోపలి మెలికల్లో తాడు ఇంకా కొన్ననాటి నీలంగానే ఉంది. ఎండ తగలలేదు కాబట్టి. పదకొండున్నరకు ముడి పూర్తిగా ఊడి, తాడు నేల మీద పడింది. ఆయన చెట్టు వైపు కొస కూడా విప్పి, దాన్ని చుట్ట చుట్టి, గ్లాసు, కళ్ళజోడు పక్కన అట్టపెట్టెలో పెట్టారు. 'పై కారణం తొలగినదనియు' అన్న చోట సంతకం చేశారు. సంతకం ఎప్పటిలాగే వచ్చింది. వంకర పోతుందేమోనని అనుకున్నారు.

లోవకుమారి వచ్చి ఫారం తీసుకుని, అట్టపెట్టె చూసింది. తాడు వంక కొంచెంసేపు చూసి, "ఇంత అవసరం లేదేమోనండి," అంది. మళ్ళీ తనే, "అవసరమేలెండి, జాబితా లేకపోతే వెనక్కి పంపుతారు," అంది. ఆ మధ్యాహ్నం నుంచి సత్యలింగం గారు ఉతికిన బట్టలు కుర్చీల వీపుల మీద ఆరేసుకున్నారు.

జూన్ ఒకటిన కాలువకు నీళ్ళు వదిలారు. ఆయన ఆరో మెట్టు మీద నిలబడి చూశారు. ముందు చెత్త వచ్చింది, తర్వాత నురగ, ఆ తర్వాత నీళ్ళు. గట్టున నిలబడ్డ పిల్లలు కేకలేశారు.

జూన్ రెండో వారంలో, దీపాలు పెట్టే వేళకు, లోవకుమారి జవాబు తెచ్చింది. ఆ రోజు కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు.

"మీ దరఖాస్తు మీద ఉత్తర్వు వచ్చిందండి. బాగా పనిచేసింది. కబురు చెప్పే ఉద్యోగి లేడు కదాండి, నేనే లోపలికెళ్ళి గట్టిగా చదివాను. అందరూ లేచారండి. లాంతర్లు సర్దుకున్నారు. తొమ్మిదేళ్ళయిందండి, కొందరు ఏడిచారు. సందు దగ్గర వరస కట్టారు."

"తర్వాత?"

"పట్టలేదండి."

సత్యలింగం గారు ఆమె వంక చూశారు.

"వచ్చినప్పుడు సన్నగా వచ్చారు కదండీ. పక్కకి తిరిగితే పట్టే సందులు అవి. ఇప్పుడు తిని తిని గుమ్మడికాయల్లా ఉన్నారు. మొదటివాడు తల పెట్టి ఇరుక్కుపోయాడు. వెనక్కి లాగడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. సందు పెద్దది చేద్దామంటే పలక తెగుద్దండి." ఆమె చేతిలోని కాగితం చూసుకుంది. "అందుకని మళ్ళీ కూర్చున్నారు."

ఉత్తర్వు అమలైనట్టుగానే నమోదైంది. సిబ్బందికి వెళ్ళే అనుమతి ఉంది, వెళ్ళే వీలు లేదు. అనుమతి ఇవ్వడం వరకే కార్యాలయం బాధ్యత. జవాబు రెండో పేజీలో సూచనలు ఉన్నాయి. మాత్రలు మానరాదు, మాత్రల వల్ల మేస్త్రులకు ఊపిరి ఆడి పలక ఒక వరుస మందమెక్కింది. చుట్ట ముట్టరాదు. మెట్లు ఆరోదాని వద్ద ఆగవలెను. గట్టిగా అరవరాదు. కోపమును, సంతోషమును మితముగా వాడవలెను. తలుపులు మెల్లగా వేయవలెను.

"తలుపు ధన్‌మని ఏస్తే పలక అదురుద్దండి," అంది లోవకుమారి. "మిగతావి అటూ ఇటూ అయినా ఇది మాత్రం చూసుకోండి."

సత్యలింగం గారు తలూపారు. వసారాలో అట్టపెట్టె ఇంకా ఉంది. ఆయన దాని వైపు చూడకుండా కూర్చున్నారు. ఒక ముడి విప్పడానికి రెండు గంటలు పట్టిందని గుర్తొచ్చింది. కట్టినావిడకు అర నిమిషం పట్టి ఉంటుంది.

"ఇంకోటుందండి," అంది లోవకుమారి. ఆమె ఇబ్బందిగా సంచి పట్టీ సర్దుకుంది. "కారణం గడి ఇప్పుడు ఖాళీ అయింది కదాండి, మీరు తొలగినదని రాశారు గనక. శిబిరం ఉండి కారణం లేకపోతే తనిఖీలో దొరికిపోతాం. ఏదో ఒకటి రాయాలి. చుట్టలు అని రాయొచ్చు. రక్తపోటు అని రాయొచ్చు. పైవాళ్ళు వయసు అని రాసెయ్యమన్నారండి, అందరికీ అదే రాస్తున్నారంట ఈ మధ్య." ఆమె కలం తీసింది. "మీరు ఒప్పుకుంటే, పాతదే మళ్ళీ రాసేస్తాను. అమ్మగారి మరణం."

సత్యలింగం గారు రొమ్ము మీద బస్తా ఉందో లేదో ఒకసారి చూసుకున్నారు. ఉంది, కానీ ఎవరో తెలిసినవాళ్ళు ఆనించినట్టుగా ఉంది.

"రాయమ్మా," అన్నారు.

"కొనసాగుతున్నది, అని కూడా రాయాలండి పక్కన."

"రాయి."

ఆమె నిలబడే, కాగితం గోడకు ఆనించి రాసింది. రాసి, సంచి కింద పెట్టి, అట్టపెట్టెలోంచి తాడు తీసి పెరట్లోకి వెళ్ళింది. వేపచెట్టుకు ఒక కొస కట్టి, రెండో కొసను కిటికీ ఊచకు చుట్టింది. ఆమెకూ ముడి వేయడం రాదు. మూడు ముళ్ళు ఒకదాని మీద ఒకటి వేసి, మిగిలిన కొసను ఎటు పంపాలో తెలియక చుట్టేసింది. కళ్ళజోడు డబ్బా తీసుకెళ్ళి కిటికీలో పెట్టింది. గ్లాసు కడిగి, మొదటి గ్లాసు పక్కన బోర్లించింది. ఇది గుమాస్తా విధుల్లో లేదు.

"వస్తానండి బాబాయ్‌గారూ. మూడు నెలలకోసారి నివేదిక తెస్తాను."

"చీకటి పడింది, చూసుకుని వెళ్ళమ్మా."

"నాకు దగ్గరేనండి," అంది. సైకిలు గంట కొట్టకుండా వెళ్ళింది.

ఆయన రాత్రి అన్నం తినొచ్చి, గుమ్మంలో నిలబడి వీధి చూశారు. భోజనాలు అయిపోయి ఒక్కొక్క ఇల్లే తలుపులు వేసుకునే వేళ. ఈ వీధిలో తలుపులు చప్పుడు చెయ్యవు. వీధి వాళ్ళు మర్యాదస్తులని ఆయన ఇన్నేళ్ళుగా అనుకున్నారు. తెలిసినవాళ్ళతో చెప్పారు కూడా. ఆ రోజు కొంచెం పరీక్షగా చూశారు. ఎదురింటి టీచరు గారు తలుపు వేస్తూ రెండో చేత్తో రెక్క అంచు పట్టుకున్నారు. ఆ పక్కింటావిడ గడియకు పాత గుడ్డ చుట్టింది. మూల ఇంట్లో నిరుడు పెళ్ళయిన కుర్రాడు, ముప్ఫయ్యేళ్ళు కూడా ఉండవు, గేటు ఊచల మధ్య వేలు పెట్టి, గేటు వేలికి తగిలాక వేలు తీశాడు. టీచరు గారు తలుపు సందులోంచి సత్యలింగం గారిని చూశారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషిని పాత ఉద్యోగి పలకరించినట్టు ఒకసారి తలూపారు.

దూరంగా మార్కెట్టు మూల మీద గుడారంలో దీపం వెలిగింది.

సత్యలింగం గారు తలుపు రెక్కను రెండు చేతులతో పట్టుకున్నారు. లాకు తలుపు దించేటప్పుడు నీళ్ళు చప్పుడు కాకుండా దించడం ఒక పద్ధతి. బరువంతా చేతుల మీద ఉంచుకుని, అంగుళం తర్వాత అంగుళం వదలాలి. ముప్ఫయి మూడేళ్ళు ఆ పద్ధతి ఇతరులకు నేర్పారు. ఆయన అలాగే రెక్కను దగ్గరికి తెచ్చి, చెక్క చెక్కకు తగిలే చోట ఒక్క క్షణం ఆపి, ఆ తర్వాత గడియ పెట్టారు.